పండుగ ప్రయాణం.. చివరి 30 కిలోమీటర్లే కీలకం

* పొగమంచు, కాలువ గట్లు, వెనుక దీపాల్లేని ట్రాక్టర్లతో పొంచి ఉన్న ముప్పు
* దగ్గరి దారి కంటే కనిపించే దారే మేలు
* బయలుదేరే వేళను బట్టే సగం భద్రత

మచిలీపట్నం: సంక్రాంతి సెలవులు వచ్చాయంటే హైదరాబాద్‌లో స్థిరపడిన కృష్ణా జిల్లా వాసుల వాహనాలన్నీ తూర్పు ముఖం పడతాయి. రాత్రి పది గంటలకు ఇంటికి తాళం వేసి, పిల్లలను వెనుక సీట్లో పడుకోబెట్టి, తెల్లవారేసరికి బందరు, గుడివాడ, అవనిగడ్డ చేరుకోవాలన్నది చాలా కుటుంబాలు వేసుకునే లెక్క. విజయవాడ వరకు 270 కిలోమీటర్లకు పైగా నాలుగు వరుసల రహదారి. అక్కడిదాకా ప్రయాణం సాఫీగానే సాగుతుంది. అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది. వాహనం పెద్ద రహదారిని వదిలి సొంతూరి దారి పట్టేసరికి తెల్లవారుజాము నాలుగు దాటుతుంది. పొలాల మీద పొగమంచు దట్టంగా అలముకొని ఉంటుంది. రోడ్డుకు ఒక పక్క కాలువ, మరో పక్క బోదె. ఎదురుగా వచ్చేది ఎద్దుబండో, చెరకు ట్రాక్టరో దగ్గరకొచ్చేదాకా తెలియదు. స్టీరింగ్ పట్టుకున్న వ్యక్తి అప్పటికి ఇరవై గంటలకు పైగా నిద్ర లేకుండా ఉంటాడు. ఇల్లు దగ్గరపడిందన్న ధీమా దీనికి తోడవుతుంది.

అందువల్ల పండుగ ప్రయాణానికి దారి ఎంచుకోవడమంటే ఏ రహదారి తక్కువ దూరమో చూసుకోవడం మాత్రమే కాదు. ఏ వేళకు ఏ దారిలో ఉంటామన్నది లెక్క వేసుకోవాలి. ముఖ్యంగా చివరి 30 కిలోమీటర్లు పగటి వెలుగులో పడేలా చూసుకోవాలి. కృష్ణా డెల్టా నేల తీరు తెలిసినవారికి ఇందులోని ఆంతర్యం సులువుగానే బోధపడుతుంది.

డెల్టాలో మంచు ఎందుకింత దట్టం?

ప్రకాశం బ్యారేజీ ఎడమ వైపు నుంచి బయలుదేరే ఏలూరు, రైవస్, బందరు కాలువలు, నది వెంబడి సాగే కేఈబీ కాలువ, వాటి నుంచి చీలిన పిల్లకాలువలు, మురుగు కాలువలు తూర్పు డెల్టా అంతటా వల మాదిరిగా పరుచుకొని ఉన్నాయి. వీటికి తోడు గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువులు, కొల్లేరు సరస్సు, తీరంలో రొయ్యల చెరువులు, మడ అడవులు ఉన్నాయి. డిసెంబరు, జనవరి మాసాల్లో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడని రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకొని ఉన్న తేమ గాలి కూడా చల్లబడి నీటి తుంపరలుగా మారుతుంది. అదే పొగమంచు. అర్ధరాత్రి తరువాత మొదలై, సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా బాగా చిక్కబడి, ఎండ తగిలాక ఎనిమిది గంటల ప్రాంతంలో విచ్చుకోవడం మామూలు. జనవరి మధ్యలో బందరు ప్రాంతంలో సూర్యోదయం సుమారు 6.40 గంటలకు అవుతుంది. అంటే రాత్రి బయలుదేరి తెల్లవారుజామున డెల్టాలో అడుగుపెట్టేవారు మంచు దట్టంగా ఉండే వేళకే సరిగ్గా అక్కడికి చేరుకుంటారన్నమాట.

మంచు ఊరంతా ఒకే తీరున ఉండదు. ఊళ్లో ఇళ్ల మధ్య పలుచగా ఉండి, పొలిమేర దాటి కాలువ పక్కకు రాగానే గోడ కట్టినట్లు ఎదురవుతుంది. వేగంగా వస్తున్న చోదకుడికి తేరుకునే వ్యవధి ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. ఎదుట ఉన్నదాన్ని గుర్తించి బ్రేకుపై కాలు వేయడానికి పట్టే ఒకటిన్నర సెకనులోనే 33 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డుపై పూర్తిగా ఆగడానికి మరో 35 మీటర్ల పైచిలుకు కావాలి. మొత్తం దాదాపు 70 మీటర్లు. మంచులో 50 మీటర్లకు మించి కనబడనప్పుడు ఈ వేగంతో వెళ్లడమంటే కళ్లు మూసుకొని నడపడమే. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 25 నుంచి 30 మీటర్లలోనే వాహనం ఆగుతుంది. మంచుకు తడిసిన రోడ్డుపై ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

నిద్రలేమి.. మత్తుతో సమానం

రాత్రి ప్రయాణంలో రెండో ప్రమాదం నిద్ర. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధకుల అధ్యయనం తేల్చింది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం అనుమతించే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం ఆరు గంటలకు లేచి, పగలంతా కార్యాలయంలో పనిచేసి, రాత్రి పదకొండు గంటలకు కారు తీసే ఉద్యోగి బయలుదేరే సమయానికే ఈ పరిమితిని దాటిన వాడితో సమానం. తెల్లవారుజామున నాలుగు గంటలకు పామర్రు చేరేటప్పటికి అతడు 22 గంటలుగా మేల్కొని ఉంటాడు. చుక్క మద్యం ముట్టకపోయినా ఫలితం మాత్రం అదే. టీ తాగడం, కిటికీ అద్దం దించుకోవడం, పాటలు పెట్టుకోవడం కాసేపు ఊరటనిస్తాయేగానీ నిద్రకు ప్రత్యామ్నాయం కావు. వాహనాన్ని సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాలు కునుకు తీయడమే తక్షణ మందు.

మరిచిపోలేని విషాదాలు

పామర్రు మండలం నిమ్మకూరు మూలాలున్న నందమూరి కుటుంబం రెండుసార్లు రహదారి ప్రమాదాల్లో ఆప్తులను కోల్పోయింది. 2014 డిసెంబరు 6న నందమూరి జానకిరామ్ హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వస్తుండగా, అప్పటి నల్గొండ జిల్లా మునగాల మండలం ఆకుపాముల వద్ద ఆయన వాహనం ట్రాక్టరును ఢీకొంది. ఆ ప్రమాదంలో ఆయన మరణించారు. ఆయన తండ్రి, మాజీ మంత్రి నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న వేకువన స్వయంగా కారు నడుపుకుంటూ నెల్లూరు జిల్లాకు వెళుతూ నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద జరిగిన ప్రమాదంలో తుదిశ్వాస విడిచారు. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు మండలం ముండ్లపాడు వద్ద 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున ప్రైవేటు బస్సు అదుపుతప్పి రెండు వంతెనల నడుమ ఖాళీలో పడిపోయిన దుర్ఘటనలో పలువురు ప్రయాణికులు అసువులు బాశారు. దారులు వేరు, వాహనాలు వేరు. అయినా నెమ్మదిగా కదిలే ట్రాక్టరు, వేకువజాము, రోడ్డు అంచున ఉన్న గొయ్యి వంటివి పండుగ ప్రయాణికుడికి ప్రతి మలుపులోనూ ఎదురయ్యేవే.

డెల్టాలో ఈ కాలమంతా పంట చేతికొచ్చే కాలం. సార్వా కోతలు ముగిసి ధాన్యం బస్తాలు, వరిగడ్డి మోపులు ట్రాక్టర్లపై తరలుతుంటాయి. ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి చెరకు బళ్లు బారులు తీరే రోజులు కూడా ఇవే. చెరకు గడలు ట్రక్కు వెనుక మీటరు దాకా వేలాడుతుంటాయి. వెనుక దీపం ఉన్నా ఆ గడల చాటున కనిపించదు. చేపలు, రొయ్యల లారీలు రాత్రివేళే ఎక్కువగా తిరుగుతాయి. కొన్నిచోట్ల రైతులు ధాన్యాన్ని రోడ్డుపైనే ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి రాశులు ఎత్తేసినా రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ద్విచక్ర వాహనదారులకు ఇవే ప్రాణాంతకం.

ఏ ఊరికి ఏ దారి?

మచిలీపట్నం వెళ్లేవారికి పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. పాతతరం వారు నేటికీ తొమ్మిదో నంబరు హైవేగా పిలిచే 65వ జాతీయ రహదారి పుణె నుంచి హైదరాబాద్, విజయవాడ మీదుగా నేరుగా బందరు వరకు వస్తుంది. విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గూడూరు మీదుగా సాగే ఈ మార్గాన్ని నాలుగు వరుసలుగా విస్తరించారు. మధ్యలో విభాగిని ఉండటంతో ఎదురెదురుగా ఢీకొనే ముప్పు తగ్గింది. అయితే గ్రామాల కూడళ్ల వద్ద అడ్డంగా రోడ్డు దాటేవారు, తప్పుడు దిశలో వచ్చే ఆటోలు, ట్రాక్టర్లు ఇక్కడి ప్రధాన సమస్య. కూడలి బోర్డు కనిపించగానే వేగం తగ్గించాలి.

గుడివాడ చేరడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది 65వ జాతీయ రహదారిపై పామర్రు వరకు వచ్చి, అక్కడి నుంచి కైకలూరు, భీమవరం వైపు వెళ్లే 165వ జాతీయ రహదారి అందుకోవడం. రెండోది కంకిపాడు వద్దే ఎడమకు తిరిగి నేరుగా గుడివాడ వెళ్లడం. మూడోది విజయవాడ నుంచి కోల్‌కతా వైపు సాగే 16వ జాతీయ రహదారిపై గన్నవరం మీదుగా హనుమాన్ జంక్షన్ చేరి, కుడికి మళ్లడం. కంకిపాడు దారి దూరం తక్కువ. పగలు వెళ్లేవారికి ఇబ్బంది లేదు. రాత్రివేళ, మంచు వేళ మాత్రం పామర్రు మార్గమే మేలు. ఇందులో నాలుగు వరుసల రహదారిపై ప్రయాణించే భాగం ఎక్కువ, రెండు వరుసల రోడ్డుపై వెళ్లే భాగం తక్కువ. నూజివీడు, ఏలూరు వైపు బంధువులను కలుసుకొని వచ్చేవారికి హనుమాన్ జంక్షన్ మార్గం అనువుగా ఉంటుంది.

దివిసీమ వాసులకు ఎంపిక ఇంకాస్త క్లిష్టం. పామర్రు నుంచి కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ, అవనిగడ్డ చేరడం అందరికీ అలవాటైన మార్గం. పామర్రు దాటాక ఊళ్ల మధ్య నుంచి, కాలువల పక్క నుంచి వెళ్లాలి. రెండో మార్గం బందరు వరకు వెళ్లి, కత్తిపూడి - ఒంగోలు మధ్య తీరం వెంబడి సాగే 216వ జాతీయ రహదారి ఎక్కడం. చుట్టు తిరిగినట్లే అయినా రోడ్డు వెడల్పు ఎక్కువ, అంచు గీతలు స్పష్టంగా ఉంటాయి. మంచులో ఆ తెల్లగీతే చోదకుడికి దారి చూపే దీపం. మూడోది గుంటూరు జిల్లా వైపు నుంచి తెనాలి, రేపల్లె మీదుగా పెనుమూడి - పులిగడ్డ వంతెన దాటి రావడం. ఈ వంతెన రాక ముందు కృష్ణ ఆవలి ఒడ్డు నుంచి దివికి రావాలంటే పడవలే గతి. లేదంటే విజయవాడ చుట్టి రావాల్సి వచ్చేది. ఇప్పుడు నార్కట్‌పల్లి వద్ద 65వ రహదారిని వదిలి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు, తెనాలి మీదుగా వచ్చేవారు విజయవాడ రద్దీని పూర్తిగా తప్పించుకోవచ్చు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల లారీలు, పిడుగురాళ్ల సున్నం, సిమెంటు లారీలు ఈ దారిలో ఎక్కువన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

విజయవాడ నుంచి తోట్లవల్లూరు, శ్రీకాకుళం మీదుగా నది ఒడ్డున సాగే కరకట్ట రోడ్డు కూడా దివికి దగ్గరి దారే. పగటిపూట ప్రయాణానికి ఆహ్లాదంగా ఉంటుంది. చీకట్లో ఈ దారి పట్టడం ఎంతమాత్రం శ్రేయస్కరం కాదు. గట్టు ఇరుకు. ఎదురు వాహనానికి దారి ఇవ్వాలంటే అంచుకు దిగాలి. ఆ అంచు గట్టిదో, వానకు కోసుకుపోయిందో మంచులో తెలియదు.

ఫోన్ చూపే దారినల్లా నమ్మొద్దు

మొబైల్ ఫోన్‌లోని పటాలు సాధారణంగా సమయం తక్కువ పట్టే దారినే చూపుతాయి. అది కాలువ గట్టా, పొలం పుంతా అన్న తేడా వాటికి అంతగా పట్టదు. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపంలో 2024 నవంబరులో ఫోన్ చూపిన దారిని అనుసరించిన కారు, కొంతభాగం కొట్టుకుపోయిన వంతెనపై నుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు మృత్యువాత పడ్డారు. డెల్టాలో ప్రధాన రహదారిపై వాహనాలు కాస్త నిలిచినా ఫోన్ వెంటనే పిల్లకాలువ గట్టు మీదకు మళ్లించే అవకాశం ఉంది. బయలుదేరే ముందే పెద్ద ఊళ్ల పేర్లు వరుసగా కాగితంపై రాసుకొని, వాటిలో ఒక్కొక్కటీ దాటుకుంటూ రావడం ఉత్తమం. పుట్టినూరి దారే అయినా, ఏడాది క్రితం చూసిన రోడ్డు ఈ ఏడాది అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. ముందురోజు ఊళ్లోని వారికి ఫోన్ చేసి ఎక్కడ గోతులున్నాయో, ఎక్కడ కల్వర్టు పనులు జరుగుతున్నాయో కనుక్కోవాలి.

ప్రత్యామ్నాయ మార్గం కూడా ముందుగానే అనుకొని ఉండాలి. నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద మున్నేరు పొంగి 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ 65వ జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. అప్పుడు మిర్యాలగూడ, పిడుగురాళ్ల మార్గమే ఆదుకొంది. సంక్రాంతికి వరద భయం లేకున్నా, ఒక పెద్ద ప్రమాదం జరిగితే చాలు గంటల తరబడి వాహనాలు ఆగిపోతాయి. తీరంలో డిసెంబరు నెల తుపాన్లకు అతీతం కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాది మందిని కోల్పోయిన దివిసీమకు వాతావరణ హెచ్చరిక విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. క్రిస్మస్ సెలవులకు 216వ రహదారిపై ప్రయాణం పెట్టుకునేవారు వాతావరణ శాఖ ప్రకటన చూశాకే బయలుదేరాలి.

ఎప్పుడు బయలుదేరాలి?

హైదరాబాద్ నుంచి మచిలీపట్నం దాదాపు 340 కిలోమీటర్లు. గంటకు సగటున 55 కిలోమీటర్ల చొప్పున లెక్కించినా ఆరు గంటల పైచిలుకు, విశ్రాంతికి మరో గంట. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఇల్లు చేరవచ్చు. పండుగ రద్దీలో మూడు గంటలు ఆలస్యమైనా సాయంత్రం ఐదు దాటదు. ఆ వేళకు ఇంకా వెలుగు ఉంటుంది. పగలు రద్దీ ఎక్కువన్న మాట నిజమే. రద్దీ విసుగు పుట్టిస్తుంది, మంచు ప్రాణం తీస్తుంది. ఈ రెండింటిలో ఏది భరించదగినదో ఇంటి యజమాని తేల్చుకోవాలి.

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల వద్ద భోగి ముందురోజు బారులు తీరడం ఏటా కనిపించే దృశ్యమే. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది. ఖాతాలో సొమ్ము ముందే సరిచూసుకోవాలి. వీలైతే భోగికి రెండు, మూడు రోజుల ముందే బయలుదేరడం ఉత్తమం. విజయవాడలో 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ వల్ల భవానీపురం వైపు కష్టం తగ్గినా, బెంజి సర్కిల్ నుంచి పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు వరకు బందరు రోడ్డుపై సాయంత్రం వేళ రద్దీ తప్పదు. గుడివాడ, హనుమాన్ జంక్షన్ వెళ్లేవారు గొల్లపూడి నుంచి చినఅవుటపల్లి వరకు నిర్మించిన పశ్చిమ బైపాస్‌లో ఆరోజు వాహనాలను అనుమతిస్తున్నారో లేదో తెలుసుకుంటే నగరంలోకి రావలసిన అవసరం ఉండదు.

సెలవు దొరక్క రాత్రే బయలుదేరక తప్పనివారు విజయవాడనే మజిలీ చేసుకోవాలి. బంధువుల ఇంట్లోనో, హోటల్లోనో ఉదయం ఏడున్నర వరకు ఆగి, ఎండ వచ్చాక డెల్టాలోకి రావాలి. కారు ఇంటివద్దే ఉంచి రైలు ఎక్కడం అన్నింటికన్నా క్షేమం. మచిలీపట్నం, గుడివాడలకు రైలు సౌకర్యం ఉంది. దివి వాసులకు తెనాలి మీదుగా రేపల్లె వరకు రైలు మార్గం ఉంది.

బస్సులో వచ్చేవారి విషయంలో మరో ముప్పు ఎవరి దృష్టికీ రాదు. హైదరాబాద్ బస్సు తెల్లవారుజామున నాలుగు గంటలకు పామర్రు కూడలిలోనో, హనుమాన్ జంక్షన్‌లోనో దింపుతుంది. అక్కకు, బావకు ఎదురెళ్లడానికి తమ్ముడు ఊరి నుంచి ద్విచక్ర వాహనంపై బయలుదేరతాడు. నిద్రలో లేచి, తలకు మఫ్లరు చుట్టుకొని, హెల్మెట్ లేకుండా మంచులో కాలువ గట్టు వెంట వస్తాడు. తిరుగు ప్రయాణంలో ఆ బండిపైనే ముగ్గురు, ముందు ఒక పెట్టె. వందల కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన కుటుంబం పది కిలోమీటర్ల దూరంలో ప్రమాదానికి గురయ్యేది ఇలాంటప్పుడే. బస్టాండులో వెలుతురున్న చోట రెండు గంటలు కూర్చొని, తెల్లవారాక రమ్మని ఇంటికి కబురు చేస్తే సరిపోతుంది.

మంచులో చిక్కుకుంటే..

* హెడ్‌లైట్లు కిందికి వాలి ఉండే డిమ్‌లోనే ఉంచాలి. హైబీమ్ వెలుగు మంచు తుంపరలపై పడి తిరిగి చోదకుడి కళ్లలోకే కొడుతుంది.
* వాహనం కదులుతుండగా నాలుగు ఇండికేటర్లూ వేయరాదు. ఏ వైపు తిరుగుతారో వెనుకవారికి తెలియదు. ఆగినప్పుడు మాత్రమే వేయాలి.
* ఎడమవైపు అంచు గీతను చూసుకుంటూ వెళ్లాలి. ముందు వాహనం ఎర్ర దీపాలను గుడ్డిగా అనుసరించకూడదు. అది కాలువలోకి దిగితే వెనుక వాహనమూ దిగుతుంది.
* ఓవర్‌టేక్ ఆలోచనే పెట్టుకోకూడదు.
* అద్దాలు మసకబారితే ఏసీ గాలిని ముందు అద్దంపైకి మళ్లించాలి. కూడళ్ల వద్ద పక్క అద్దం కొద్దిగా దించితే వచ్చే వాహనం చప్పుడు వినిపిస్తుంది.
* ఆపాల్సి వస్తే రోడ్డుపై కాదు. పెట్రోలు బంకు, దాబా, ఊరి మధ్య వీధి దీపం కింద ఆపాలి.

కారు కాలువలో పడితే మొదటి నిమిషమే కీలకం. నీటి ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు. సీటుబెల్టులు విప్పి, అద్దాల మీటలు పనిచేస్తుండగానే పక్క అద్దాలు దించి, పిల్లలను ముందుగా బయటకు పంపాలి. అద్దం దిగకపోతే గట్టి వస్తువుతో పక్క అద్దం మూలన కొట్టాలి. ముందు అద్దం పగలడం కష్టం. కాలువ ప్రాంతాల్లో తిరిగేవారు అద్దం పగలగొట్టే చిన్న సుత్తి చేతికందేలా పెట్టుకోవడం మంచిది. వెనుక సీట్లో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. ఒళ్లో పసిపాపను పెట్టుకొని ముందు సీట్లో కూర్చోవడం పాపకు రక్షణ కాదు. ఢీకొన్న క్షణంలో ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు.

సెలవుల్లో షికార్లు

ఊరు చేరాక ప్రయాణాలు ఆగవు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనం, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు ఆలయం, ఘంటసాల బౌద్ధ క్షేత్రం, మంగినపూడి తీరం, కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షుల కేంద్రం పండుగ రోజుల్లో కిటకిటలాడతాయి. కృష్ణవేణి సముద్రంలో కలిసే హంసలదీవికి అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్లాలి. ఈ దారి చివర ఇరుకు. ఇసుకలోకి కారు దింపితే చక్రాలు కూరుకుపోతాయి. సంగమం వద్ద నీటి ఉరవడి మోసపూరితంగా ఉంటుంది. మధ్యాహ్నానికల్లా చూసుకొని, సూర్యుడు అస్తమించే 5.50 లోపే కోడూరు దాటి వెనక్కి రావాలి. నాగాయలంక మండలం ఎదురుమొండి దీవికి పంటుపై దాటేవారు ఎక్కించగలిగిన సంఖ్యకు మించి జనం ఉంటే తరువాతి దఫా కోసం ఆగడం విజ్ఞత. బరుల వద్ద పందేలు చూసి మద్యం సేవించి బండ్లపై ఎదురొచ్చే వారుంటారు గనుక ఆ మూడు రోజులూ సాయంత్రం తరువాత పల్లె దారులకు దూరంగా ఉండటం మేలు.

తిరుగు ప్రయాణం

కనుమ నాడు కాకైనా కదలదని పెద్దల మాట. ఆ మాట మన్నించి కనుమ దాకా ఆగిన వారంతా మరునాడు ఒక్కసారిగా హైదరాబాద్ బాట పడతారు. కడుపునిండా పిండివంటలు, మూడు రాత్రుల అరకొర నిద్ర, మర్నాడు ఉద్యోగానికి హాజరు కావాలన్న ఆత్రుత కలిసి వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడే ముప్పు పెంచుతాయి. ఒకరోజు అదనంగా సెలవు పెట్టుకొని ఉదయం ఎండ వచ్చాక బయలుదేరడం, రెండు గంటలకోసారి ఆగడం, ఇద్దరు చోదకులుంటే మార్చి మార్చి నడపడం అవసరం.

ఆపదలో ఆదుకునేందుకు..

అంబులెన్సుకు 108, అన్ని అత్యవసర సేవలకు 112, జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబర్లకు ఫోన్ చేయాలి. ఏ ఊరి వద్ద ఉన్నదీ చెప్పలేకపోతే రోడ్డు పక్క రాతిపై ఉన్న కిలోమీటరు సంఖ్య చెప్పినా చాలు. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసు కేసులతో వేధించరాదని, పేరు చెప్పమని ఒత్తిడి చేయరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ కల్పించింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల మేర నగదు రహిత వైద్యం అందించే పథకాన్ని 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. చికిత్సకు సొమ్ము లేదన్న కారణంతో వెనుకాడనవసరం లేదు.

ఇంటివద్ద ఎదురుచూసేవారికీ ఇందులో బాధ్యత ఉంది. 'ఎక్కడిదాకా వచ్చారు, ఇంకా ఎంతసేపు' అంటూ అరగంటకోసారి చోదకుడికే ఫోన్ చేయడం అతడిని తొందరపెట్టడమే. మాట్లాడాలంటే పక్కన కూర్చున్నవారికి చేయాలి. 'మంచు పడుతోంది, పామర్రులో ఆగి తెల్లారాక రండి నాన్నా' అని ఇంటి పెద్ద ఒక్క మాట చెబితే ఆ మాటకున్న విలువ ఏ హెచ్చరిక బోర్డుకూ ఉండదు. భోగి మంట వెలిగించే వేళకు చేరలేకపోయినా, సంక్రాంతి ముగ్గు ముందు అందరూ నిలబడితే అదే పండుగ.